మైకు సంజీవరావు చూసొచ్చిన నాటకం

సంజీవరావుకి లోకం మీద చూపు సికింద్రాబాదులో మారింది. కొండపల్లి స్టేషను వచ్చేసరికి పాత చూపే మళ్లీ వచ్చి కూర్చుంది. ఆ రెంటికీ నడుమ, రైల్లో ఉన్న ఆ కాస్త సేపు ఆయన మంచి మనిషే. ఆ మాట ఇక్కడే చెప్పెయ్యాలి. ముందు ముందు చెప్పడానికి సందు దొరకదు.

గుణదల కాలవ ఒడ్డు పేటలో వట్టి సంజీవరావంటే ఎవరికీ తెలియదు. మైకు సంజీవరావనాలి. తాపీపనివాళ్ల యూనియనుకి సెక్రటరీ. మైకు ఉంటే మైకులో మాట్లాడతాడు, లేకపోతే ఉన్నట్టే మాట్లాడతాడు. ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైందంటే కాలవ అవతలి గట్టు మీద బట్టలుతికేవాళ్లు చెయ్యి ఆపి, "ఇవాళ కూడానా?" అనుకుంటారు.

డెబ్బై ఎనిమిది జూలైలో ఆయన లేబరు ఆఫీసులో పిటిషను ఇవ్వడానికి హైదరాబాదు వెళ్లి, తోడల్లుడు లాజరు ఇంట్లో దిగాడు. రైల్వే క్వార్టరు. పక్క క్వార్టరులో గార్డుగారింట టీవీ ఉంది. సాయంత్రమయ్యేసరికి లాజరు, అతని భార్య మణెమ్మ, సంజీవరావు, ముగ్గురూ ఆ ఇంటి వసారాలో ఒకే చాప మీద కూర్చుని కిటికీలోంచి చూశారు. బెజవాడకి అప్పటికి ఆ బొమ్మలు అందవు. పేట మొత్తం మీద టీవీ అనేదాన్ని కళ్లతో చూసిన మొదటి మనిషి సంజీవరావే. ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోండి. జరిగిన అనర్థమంతా దీనివల్లే జరిగింది.

ఆ రోజు నాటకం వేశారు. అందులో గోపాలం అని ఒక గుమాస్తా, సుగుణ అని అతని భార్య. సుగుణకి ఉద్యోగం వస్తుంది. గోపాలం మూతి ముడుస్తాడు, అన్నం మానేస్తాడు, తలుపులు ధడేలుమని వేస్తాడు. ఆమె ఇవన్నీ భరిస్తూ ఉద్యోగానికి పోతుంది. ఒకరోజు వానలో తడిసి ఇంటికొస్తే గోపాలం పొయ్యి ముందు కూర్చుని, కళ్లలోకి పొగ పోయి ఏడుస్తూ, కాఫీ కాచి చేతికిస్తాడు. "ఇన్నేళ్లు నువ్విస్తే తాగాను. కాచడం ఇంత కష్టమని నాకెవరూ చెప్పలేదు," అంటాడు. అంతే, అయిపోయింది. తర్వాత ఒకావిడ వచ్చి వార్తలు చదివింది.

సంజీవరావు వార్తలకి కూడా ఏడుస్తూనే ఉన్నాడు. లాజరు భుజం మీద తువ్వాలు లాక్కుని మరీ ఏడ్చాడు.

మర్నాడు రైల్లో కాజీపేట దగ్గర నిర్ణయించుకున్నాడు: ఇకమీదట పొద్దున కాఫీ తనే కాస్తాడు. వరంగల్లు దగ్గర స్నానానికి నీళ్లు తనే తోడుకుందామనుకున్నాడు. మహబూబాబాదులో పిల్లలిద్దరికీ తలదువ్వడం కూడా తన జాబితాలో వేసుకున్నాడు. ఖమ్మంలో ఆకలేసింది. ఆకలి వేళకి అన్నం ఎవరు వండుతారనే ప్రశ్న మొదటిసారి తల ఎత్తింది. మధిరలో తలదువ్వడం కొట్టేశాడు. కొండపల్లి వచ్చేసరికి జాబితా ఖాళీ. బెజవాడ ప్లాట్‌ఫారం మీద దిగినవాడు ఎప్పటి సంజీవరావే. రిక్షా దిగి గుమ్మంలో నిలబడి, "రూతూ, నీళ్లు తోడు," అన్నాడు.

రూతు నీళ్లు తోడింది. తోడి, చెంబు చేతికిస్తూ చెప్పింది.

"ఏమండీ, ఆర్డరొచ్చింది."

"ఏం ఆర్డరు?"

"ఇబ్రహీంపట్నం రోడ్డులో గోడౌన్లు కడతన్నారే, అక్కడ కూలీల పిల్లల కేంద్రంలో టీచరు ఉద్యోగం. ఒకటో తారీఖు మంగళవారం చేరాలి. చేరకపోతే ఇంకొకళ్లకి ఇచ్చేస్తారంట."

చెంబు సంజీవరావు చేతిలో ఆగిపోయింది.

ఆ కేంద్రం గురించి ఒక మాట చెప్పాలి. దాన్ని సాధించింది ఈయనే. గోడౌన్లు కట్టిస్తున్న కంట్రాక్టరు హనుమయ్య, ఏమడిగినా "రేపు చూద్దాం" అంటాడని అతనికి రేపుచూద్దాం హనుమయ్య అని పేరు. అతని గేటు ముందు పదకొండు రోజులు టెంటు వేసి, "సిమెంటు బస్తా మీద పసిబిడ్డ పడుకోవాలా? ఇసక తట్ట పక్కన తల్లి పాలివ్వాలా?" అని మైకు పగిలేట్టు అరిచింది ఈ సంజీవరావే. ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసైన ఆడమనిషిని అక్కడ పెట్టాలని షరతు పెట్టిందీ ఆయనే. అటువంటి ఆడమనిషి తన ఇంట్లోనే ఒకామె ఉందన్న సంగతి పన్నెండేళ్ల కాపరంలో ఆయనకి తట్టలేదు. యూనియను పిటిషన్లన్నీ ఆమె చేతే ఫెయిరు చేయించేవాడు. ఆ గుండ్రటి అక్షరాలు వాటంతట అవే వస్తున్నాయనుకునేవాడు కాబోలు.

"మరి టీ?" అన్నాడు.

ఉద్యోగం ఎలాంటిదని అడగలేదు. బస్సు ఎన్నింటికని అడగలేదు. మొదటి ప్రశ్న అదీ.

"ఏం టీ?"

"పొద్దున్నించీ యూనియనోళ్లు వస్తా పోతా ఉంటారు. పదిమందికి టీ ఎవరు కాస్తారు?"

"పదిమందికి ఇరవై చేతులున్నయ్యిగా."

"స్టవ్వు ఒకటేగా!"

"వంతులేసుకోండి. టెంటులో నిరాహారదీక్షకి వంతులేశారుగా. తినకుండా ఉండటానికి వంతులేసినోళ్లు తాగటానికి వేసుకోలేరా?"

సంజీవరావు గొంతు సవరించుకున్నాడు. అవతలి గట్టున ఉతుకులు ఆగాయి.

"చూడు రూతూ. స్త్రీలు పనిచెయ్యటానికి నేను వ్యతిరేకినా? ఎంతమాత్రం కాను. సూత్రప్రాయంగా నేను నీతో ఏకీభవిస్తున్నా. కాకపోతే సమయం..."

"హనుమయ్య కూడా పదకొండు రోజులూ ఇదే అన్నాడు. సూత్రప్రాయంగా సరే, రేపు చూద్దాం, అని. మీరొచ్చి నాకు చెప్పి పడీపడీ నవ్వారు."

ఈ మాట సంజీవరావుకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. బయటికి వద్దనలేడు. వద్దంటే టెంటు, మైకు, పదకొండు రోజుల అరుపూ అన్నీ వచ్చి నెత్తిన కూర్చుంటాయి. ఇలాంటివాళ్లకి ఒక సుఖం ఉంది. ఆడకూలీకి హక్కు కావాలని బజార్లో అరిస్తే ఆ హక్కు బజార్లోనే ఉండిపోతుందనుకుంటారు, చెప్పులేసుకుని తమ ఇంటికి నడిచి రాదనుకుంటారు. వచ్చినప్పుడు చూడాలి ఆ మొహాలు! వద్దనే దమ్ముండదు, సరే అనే మనసుండదు. అప్పుడు దొంగదారి వెతుకుతారు.

సంజీవరావుకి దొంగదారి శుక్రవారం దొరికింది.

పేటలో శుక్రవారం సాయంత్రం ఇంటి కూడిక. వారానికొకరి ఇంట్లో పాతికముప్పై మంది చేరి పాడుకుంటారు, ప్రార్థన చేసుకుంటారు, ఎవరికైనా చెప్పాలనిపిస్తే లేచి సాక్ష్యం చెప్తారు. ఆ వారం సంజీవరావు ఇంటి వంతు. ఆయన ఎర్ర అట్ట పుస్తకాలూ నల్ల అట్ట పుస్తకమూ ఒకే అలమరలో పెట్టుకున్న మనిషి. రెంటి మీదా దుమ్ము దులిపేది రూతే.

సాక్ష్యమంటే కాలక్షేపం కబురు కాదు. తనకి జరిగింది, తను కళ్లారా చూసింది దేవుడి ముందు, పేట ముందు నిలబడి చెప్పడం. చెప్పాక వెనక్కి తీసుకునేది లేదు. దొంగసాక్ష్యం చెప్పాడని తేలితే ఆ మనిషిని పెళ్లికి పిలవరు, చావుకెళ్తే పాడె పట్టనివ్వరు.

పాట అయిపోగానే సంజీవరావు లేచాడు.

"సోదరీ సోదరులారా, హైదరాబాదులో నా జీవితాన్నే మార్చేసిన ఒక నాటకం చూశాను. టీవీలో."

టీవీ అన్న మాటకి పిల్లలు ముందుకి జరిగారు. ముసలివాళ్లు చెవులు వంచారు.

"అందులో సుగుణ అని ఒక ఇల్లాలు. పచ్చని కాపరం. ఉద్యోగమొచ్చింది. మొగుడు దేవుడిలాంటివాడు, సరే వెళ్లమ్మా అన్నాడు. వెళ్లింది. ఏమైంది? మొదటిరోజు పాలు పొంగి స్టవ్వు ఆరింది. రెండోరోజు మొగుడికి కామెర్లొచ్చాయి. మూడోరోజు..."

ఇక్కడ ఆయనకి ఊపొచ్చింది. మైకు మనిషికి ఊపొస్తే ఏమంటాడో ఆయనకే తెలియదు.

"మూడోరోజు చంటిబిడ్డ పాకుతా పాకుతా... కాలవ రేవు దాకా పోయింది!"

"ఓరి దేవుడో!" అని కేకేసింది బుల్లెమ్మ. పక్కింటావిడ. ఒక కబురు ఆమె చెవిన పడితే మంగళగిరి దాకా పోవడానికి తపాలావాళ్ల సాయం అక్కర్లేదు, అందుకని ఆమెని ట్రంకుకాలు బుల్లెమ్మ అంటారు. "బతికిందా బిడ్డ?"

సంజీవరావు అంతవరకు ఆలోచించలేదు. "బతికింది. చేపలు పట్టేవాడొకడు చూశాడు."

"ఎవరి తాలూకంట వాడు? పేరేంది?"

"టీవీలో అయ్యన్నీ చెప్పరమ్మా."

"బిడ్డ ప్రాణం కాపాడినోడి పేరు చెప్పరా? ఏం టీవీ అది!"

"వింటావా లేదా? అప్పుడు సుగుణ పరుగెత్తుకుంటా వచ్చింది, బిడ్డని ఎత్తుకుంది, ఉద్యోగం ఆర్డరు తెచ్చి పొయ్యిలో పడేసి, 'నా ఇల్లే నా ఆఫీసు' అంది. అది చూసి నా కళ్లు తెరుచుకున్నాయి. ఇదే నా సాక్ష్యం."

"స్తోత్రం!" అన్నారు మొగాళ్లు. ఇంతకు ముందు ఏ సాక్ష్యానికీ వాళ్లింత గట్టిగా అనలేదు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. చర్చి పెద్ద పుల్లయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

రూతు గుమ్మంలో టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే తను గెలిచాననుకోవడం సంజీవరావుకి పెళ్లయిన నాటినుంచీ అలవాటు.

అందరూ వెళ్లాక, "ఏమంటావ్?" అన్నాడు.

"సాక్ష్యం మీద ఏమంటాం," అని గ్లాసులు కడుక్కుంది.

ఆ పూట సంజీవరావు రెండుసార్లు అన్నం కలుపుకున్నాడు.

శనివారం బుల్లెమ్మ పని మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి నాటకం గుణదలంతా తిరిగింది. ఆదివారం మంగళగిరి చేరేసరికి బిడ్డ మునిగిపోయింది. సోమవారం ఇబ్రహీంపట్నం చేరేసరికి మొగుడు కూడా కామెర్లతో పోయాడు. సుగుణ ఒక్కతే మిగిలి, రేవులో కూర్చుని ఇంకా ఏడుస్తోందట.

అంతటితో ఆగితే నవ్వి ఊరుకోవచ్చు. మంగళవారం పొద్దున కూలీల అడ్డా దగ్గరికి రోజూ వచ్చే ఆడవాళ్లలో సగం మంది రాలేదు. మొగుళ్లు రానివ్వలేదు. ఎన్నడూ యూనియను మాట వినని మొగుళ్లు ఈ ఒక్క మాట విన్నారు. పగలల్లా సారా కొట్టు ముందు పడుండి, పెళ్లాం మోసిన ఇటుకల కూలితో తాగే ఒక మహానుభావుడు కూడా గుమ్మానికి అడ్డంగా కూర్చుని, "నువ్వు పన్లోకి పోతే నాకు కామెర్లొస్తయ్యంట. సెక్రటరీగారే చెప్పారు. టీవీలో చూపించారంట," అన్నాడు. వాడికి కామెర్లు రావడానికి కావలసిన సరుకంతా సీసాలోనే ఉంది. ఆ ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు. సంజీవరావు ఇంట్లో మాత్రం టీ వేళకి టీ వచ్చింది. లెక్క అదీ. ఒకడి గ్లాసు నిండుగా ఉండటానికి ఎన్ని ఇళ్లలో గిన్నెలు బోర్లించాలో ఆ ఒకడు ఎప్పుడూ చూడడు.

బుధవారం రేపుచూద్దాం హనుమయ్య గేటుకి కాగితం అంటించాడు. "ఆడవారు ఇంటిపట్టున ఉండాలని యూనియను సెక్రటరీగారే బహిరంగంగా సాక్ష్యమిచ్చినందున, పిల్లల కేంద్రం అవసరం లేదని భావిస్తున్నాము." జీవితంలో మొదటిసారి ఆయన రేపటిదాకా ఆగకుండా ఒక పని చేశాడు.

ఆ కాగితం చింపి పట్టుకుని యూనియను ప్రెసిడెంటు బసవపున్నయ్య సైకిలు మీద వచ్చాడు. స్టాండు వెయ్యలేదు. సైకిలు అలాగే కింద పడేసి లోపలికొచ్చాడు.

"ఏం సంజీవరావూ! నువ్వు యూనియను సెక్రటరీవా, హనుమయ్య గుమాస్తావా?"

"అన్నా, కూర్చో, టీ..."

"టీ నీ మొహాన పొయ్య! పదకొండు రోజులు ఎండలో కూర్చుని సాధించిన కేంద్రాన్ని పది నిమిషాల్లో నాకించి పారేశావు గదరా!"

"అది నాటకం అన్నా. ఉత్త నాటకం."

"నాటకమని చెప్పావా, సాక్ష్యమని చెప్పావా?"

సంజీవరావు గొంతు మొదటిసారిగా కాలవ దాటలేదు. "సాక్ష్యమనే చెప్పా."

"అయితే ఎల్లుండి శుక్రవారం అదే జనం ముందు నిలబడి, అది తప్పని చెప్పు. చెప్పకపోతే శనివారం నీ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు."

బసవపున్నయ్య వెళ్లిపోయాడు. సంజీవరావు గోడకానుకుని కూర్చున్నాడు. తప్పని చెప్తే దొంగసాక్షి. చెప్పకపోతే ద్రోహి. పేటలో తలెత్తుకోవాలంటే యూనియను పోవాలి, యూనియను ఉండాలంటే పేటలో తలదించాలి.

"అన్నం పెట్టనా?" అంది రూతు.

"ఆకల్లేదు."

"కామెర్లేమో చూసుకోండి," అని ఆమె తన కంచం పెట్టుకుంది.

రెండో శుక్రవారం కూడిక బుల్లెమ్మ ఇంట్లో. జనం ఎప్పటికన్నా రెట్టింపు వచ్చారు, నాటకం మళ్లీ చెప్తారేమోనని. బసవపున్నయ్యది వేరే మతమైనా గుమ్మం బయట చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పాట అయింది. సంజీవరావు లేచాడు. "పోయిన వారం నేను చెప్పిన... ఆ నాటకం విషయమై..." అన్నాడు.

ఆడవాళ్ల వైపునుంచి రూతు లేచింది. చేతిలో ఇన్‌లాండ్ కవరు.

"అయ్యగారూ, నేను చెప్పేది సాక్ష్యం కాదు. సికింద్రాబాదు నుంచి మా మణెమ్మక్క ఉత్తరం రాసింది. ఆ నాటకానికి రెండో భాగం ఉందంట. ఈయన రైలెక్కాక వేశారంట."

"రెండో భాగమా!" అని జనం జరిగి కూర్చున్నారు.

సంజీవరావు నోరు తెరిచాడు. రెండో భాగం ఎక్కడిది? నాటకం అయిపోయింది, వార్తలావిడ కూడా వచ్చి వెళ్లింది. లేదని చెప్దామని గుక్క తీసుకుని, ఆ కవరు మీది చేతిరాత చూశాడు. మణెమ్మ రాతే. ఆ మణెమ్మ, లాజరు, తను, ముగ్గురూ ఒకే చాప మీద కూర్చున్నారు.

"ఏమండీ," అంది రూతు మెత్తగా. "రెండో భాగం ఉందా, లేదా? మీరు లేదంటే చెప్పండి. అప్పుడు అక్క రాసిందంతా మొదట్నించీ చదివేస్తా."

సంజీవరావు తీసుకున్న గుక్క తీసుకున్నట్టే మింగేశాడు.

"ఉండొచ్చు," అన్నాడు. "ఉంది. ఉంటుంది."

"కూర్చోండి మరి."

కూర్చున్నాడు.

"రెండో భాగంలో తేలిందేందంటే," అంది రూతు, జనం వైపు తిరిగి, "మొదటి భాగంలో చూసిందేదీ జరగలేదంట. పాలు పొంగలేదు. కామెర్లు రాలేదు. బిడ్డ రేవుకి పోలేదు. సుగుణ ఆర్డరు పొయ్యిలో వెయ్యలేదు. అదంతా ఆ మొగుడు గోపాలం ఊళ్లో చెప్పుకున్న అబద్ధమంట."

ముందుగా బుల్లెమ్మే తేరుకుంది.

"అబద్ధమా? ఎందుకూ?"

"పెళ్లాం పన్లోకి పోతే ఇంట్లో టీ కాచేవాళ్లు ఉండరని."

"టీ కోసమా?"

"టీ కోసమే."

"ఆ బిడ్డ కోసం వారం రోజులు ఏడ్చానే నేను! మూడుసార్లు ప్రార్థనలో పేరు లేకుండా ఎత్తానే! టీ కోసమా!" బుల్లెమ్మ లేచి నిలబడింది. "వాడు నా చేతికి చిక్కాలి. మరిగే టీ నెత్తిన పోస్తా!"

"అట్టాంటోణ్ణి పెళ్లాం ఎట్టా భరించిందమ్మా!"

"భరించకేం చేసిద్ది? నోరు ముయ్యమని అమ్మ చెప్పి పంపుద్దిగా."

"మా ఇంటాయన ఆ బోడి నాటకం పేరు చెప్పి నన్ను నాలుగు రోజులు కూర్చోబెట్టాడు. పిల్లలు గంజి తాగి పడుకున్నారు. ఆ గోపాలాన్ని కాదు, ముందు ఈయన సంగతి చూస్తా ఇంటికిపోయి," అంది వెనక వరసలోంచి ఒకామె. ఆ ఇంటాయన తలుపు వెనక్కి జరిగాడు.

బుల్లెమ్మ సంజీవరావు ముందుకొచ్చింది. "ఇదిగో అబ్బాయి, నువ్వు కళ్లారా చూశావుగా. వాడి మొహం ఎట్టా ఉంటది?"

"మామూలుగానే..."

"అదే! మామూలు మొహాలోళ్లే చేస్తారిట్టాంటివి. చూస్తే నీకు ఒళ్లు మండలా?"

"మండింది," అన్నాడు సంజీవరావు. నిజమే, చెవులదాకా మండుతోంది.

పుల్లయ్యగారు చెయ్యెత్తి అందరినీ కూర్చోబెట్టారు. మంచాయన. ఎవరి మీదైనా కోపమొస్తే వాళ్లకోసం ప్రార్థన చెయ్యాలంటాడు. ఆ గోపాలం కోసం పావుగంట చేశాడు. "ప్రభువా, ఆ సోదరుడు ఎక్కడున్నాడో మాకు తెలియదు. నీకు తెలుసు. వాడి రాతిగుండె కరిగించు. వాడి బద్ధకాన్ని వదిలించు. వాడి నాలుకకి కళ్లెం వెయ్యి." ప్రతి మాటకీ అందరూ ఆమెన్ అన్నారు. సంజీవరావు అందరికన్నా ఒక క్షణం ముందే అన్నాడు.

కూడిక ముగియగానే బసవపున్నయ్య వచ్చి వాటేసుకున్నాడు. "బతికించావురా! మంగళవారం ఒకటో తారీఖు, గేటు దగ్గర మీటింగు. ఆడకూలీలందర్నీ తోలుకొస్తా. రెండో భాగం నీ నోటితోనే చెప్పాలి. మైకులో."

సంజీవరావు ఇంటికొచ్చి గడియ పెట్టాక, చిన్న గొంతుతో, "రెండో భాగం ఎక్కడిది నీకు?" అన్నాడు.

"మొదటి భాగం మీకెక్కడిదో, నాకు రెండోది అక్కడిదే."

"ఉత్తరం చూపించు."

చూపించింది. మణెమ్మ రాసింది నాలుగు వాక్యాలే. పిల్లలకి జలుబు తగ్గింది. లాజరు తువ్వాలు ఉతికితే గానీ వాడుకోవడానికి రాలేదు. ఆ నాటకం చూసి మరిదిగారు అంత ఏడుస్తాడని మేమనుకోలేదు, నీ అదృష్టం చెల్లీ. ఇంటికొచ్చాక ఆ గోపాలంలాగా నీకు కాఫీ కాచి ఇచ్చాడా?

సంజీవరావు కాగితం మడతపెట్టాడు. మళ్లీ విప్పాడు. మళ్లీ మడతపెట్టాడు.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"మీరు సాక్ష్యం చెప్పిన మర్నాడు."

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగితే ఏం చేస్తారు? ఉపన్యాసమిస్తారు. మీతో వాదించి ఎవరు గెలిచారు?" ఆమె గొంతు అప్పుడు మారింది. వారం రోజులూ నొక్కిపెట్టిందంతా పైకొచ్చింది. "మీకు తెలియక చేశారనుకుంటే ఊరుకునేదాన్ని. చూశారు. ఏడ్చారు కూడా. మంచేదో తెలిసి, తెలిసిందాన్ని ముక్కలు చేసి, దేవుడి పేరు పెట్టి నా కాళ్లకి అడ్డం పడేశారు. దానికి అడ్డామీది ఆడోళ్ల పొయ్యిలారిపోయినయ్యి. పేట ముందు మీ పేరు చెప్పకుండా మీ సంగతి చెప్పా. ఈసారికి అంతే. మంగళవారం ఏడింటి బస్సుకి నేను పోతా. మీరు ముందు బస్సుకి పోయి మైకు కట్టించండి."

కాలవ అవతల గట్టున ఎవరైనా ఉంటే, ఇవాళ ఆ ఇంట్లో మనుషుల్లేరేమో అనుకుని ఉంటారు.

మంగళవారం గేటు ముందు వందమందికి పైగా ఆడకూలీలు. చంకన పిల్లలు, నెత్తిన చుట్టకుదుళ్లు. హనుమయ్య గేటులోపల కుర్చీ వేసుకుని, "సెక్రటరీగారూ, మొన్నమొన్ననేగా తమరే సెలవిచ్చారు..." అంటున్నాడు.

సంజీవరావు మైకు పట్టుకున్నాడు. రెండో భాగం చెప్పాడు. టీ సంగతి వచ్చేసరికి గొంతు తడబడింది. జనం దాన్ని ఆవేశమనుకున్నారు.

హనుమయ్య లేచి, "సరే సరే. కేంద్రం సంగతి రేపు చూద్దాం," అన్నాడు.

"ఇయ్యాలే చూడు!" అని నూరు గొంతులు ఒక్కసారి లేచాయి. ఒకామె చంకలో పిల్లని తీసి గేటు మీదుగా హనుమయ్య చేతుల్లో పెట్టింది. "కేంద్రం తెరిచిందాకా నువ్వే ఆడించు!" ఆ వెనక ఇంకొకామె తన పిల్లాణ్ణి అందించింది. మూడోది కూడా వచ్చేసరికి హనుమయ్య చొక్కా ముందువైపంతా తడిసింది. ఆయన కేకేసి తాళంచెవులు తెప్పించాడు.

రేకుల షెడ్డు తలుపు తెరుచుకుంది. రూతు లోపలికెళ్లి చాపలు పరిచి, హనుమయ్య చంకలోంచి పిల్లల్ని ఒక్కొక్కర్నే అందుకుంది. చివరి పిల్లని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

బసవపున్నయ్య సంజీవరావు వీపు చరిచాడు. "ఆ గోపాలం మీద ఒక నినాదం ఇయ్యి! జనం ఊపు మీదున్నారు!"

సంజీవరావు చుట్టూ చూశాడు. దారిలేదు. పిడికిలెత్తాడు.

"టీ కోసం... అబద్ధాలాడిన మొగుడు..."

"డౌన్! డౌన్!" అన్నారు వందమంది.

"దొంగసాక్ష్యపు మొగుడు..."

"నశించాలి!"

చెట్టు మీది కాకులు లేచిపోయాయి. సంజీవరావు చెమట తుడుచుకుని మైకు దించబోయాడు. షెడ్డు గుమ్మంలోంచి అందరినీ మించిన గొంతు ఒకటి వినిపించింది. పన్నెండేళ్లలో ఆ గొంతు అంత గట్టిగా ఆయనెన్నడూ వినలేదు.

"సెక్రటరీగారూ! వెనకాలోళ్లకి వినపడలేదంట. ఇంకోసారి!"

సంజీవరావు మళ్లీ పిడికిలెత్తాడు.